చప్పట్లు కొట్టినవాళ్ళు

మూడో రోజు కూడా సేని అత్త తన సంచి విప్పలేదు.

గురువారం మధ్యాహ్నం టోంగాలోని నుకుఅలోఫా నుంచి వచ్చిన విమానం దిగి, ఎవరికీ కబురు చేయకుండా టాక్సీ ఎక్కి, విమానాశ్రయం దగ్గరే మాంగెరెలో ఉన్న మేనకోడలు సియాలె ఇంటికి వచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. అప్పటినుంచీ అదే కుర్చీ. సియాలె కూతురు, పన్నెండేళ్ళ కలో, తన గది ఖాళీ చేసి, దుప్పట్లు మార్చి ఇచ్చినా అందులోకి తొంగి కూడా చూడలేదు. సియాలె చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం గిన్నె మూత తీయకుండానే పక్కకి జరిపింది. టీ తాగింది. గట్టి బిస్కెట్లు రెండు నానబెట్టుకుని తిన్నది.

తిట్టలేదు. అదే సియాలెకి ఊపిరాడనివ్వటం లేదు. డెబ్భై నాలుగేళ్ళ ఆ మనిషి గొంతు పెంచి నాలుగు మాటలు అనేస్తే, తను తల వంచుకుని పడి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి, ఏదో ఒకటి తేలిపోయేది. అత్త మాత్రం వచ్చిన రోజున ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. శుక్రవారం మళ్ళీ అదే అడిగింది.

"ఆ రోజు ఫోన్లో చప్పట్లు కొట్టింది ఎవరు?"

రెండుసార్లూ సియాలె ఖాళీ కప్పు అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్న ఆమె వంటింట్లోకి వచ్చేసరికి సెమీసి అప్పటికే బూట్లు తొడుక్కుని, నిలబడే టీ తాగుతున్నాడు. సరుకుల గోడౌన్లో శనివారాలు కూడా అతనికి డ్యూటీ ఉంటుంది. భార్య చేతిలో వర్క్‌షాప్ ఫైలు చూసి కప్పు కింద పెట్టాడు.

"ఇవాళా వెళ్తున్నావా?"

వెళ్ళకపోతే ఆఫీసులో చెప్పుకోవాలంది సియాలె.

"పోయిన శనివారం ఒక్క ఫోను చేశావు, ఇంటిల్లిపాదికీ నోళ్ళు పడిపోయాయి. ఇవాళ ఏం చేయిస్తారో ముందే కనుక్కుని చెప్పు. గరాజులో మీ నాన్న పక్కన నాకూ ఒక పరుపు వేసుకుంటాను."

నవ్వించటానికే అన్నాడు. సియాలెకి నవ్వు రాలేదు. అతనూ ఆ మాటని అక్కడే వదిలేసి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. నువ్వు అన్నదాంట్లో తప్పు లేదు సియాలే, అన్నచోటే నాకు నచ్చలేదు అన్నాడు. వారం రోజుల్లో ఆ మాట అతను చెప్పటం అది నాలుగోసారి.

సియాలె తండ్రి ఫెలెటి గురువారమే తన పరుపు చుట్టుకుని గరాజులోకి మారిపోయాడు. వాళ్ళ ఆచారంలో అక్క ఉన్న గదిలో తమ్ముడు కూర్చోడు, ఆమె వింటుండగా గట్టిగా నవ్వడు కూడా. అంతవరకూ మర్యాదే. కానీ ఈసారి అతను మర్యాద కోసం వెళ్ళినట్టు లేదు, దాక్కోవటానికి వెళ్ళినట్టుంది. సియాలె టీ తీసుకెళ్తే, అక్కకి ముందు పెట్టావా అని అడుగుతాడు, అంతే. లోపలికి వచ్చి నువ్వే ఒక మాట చెప్పు నాన్నా అని నిన్న బతిమాలింది. మా అక్క ముందు నాకు మాటలేముంటాయి అని అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ ఫోను ఎందుకు చేసిందో సియాలెకి ఇప్పటికీ తెలుసు. చేసి ఉండకూడదని అనిపించినప్పుడు కూడా, ఎందుకు చేసిందో మరిచిపోలేదు.

విమానాల్లో భోజనాలు సర్దే వంటశాలలో ఆమె పదమూడేళ్ళుగా పని చేస్తోంది. రెండేళ్ళ కిందట సూపర్వైజర్ని చేశారు. చేతి కింద నలభైమంది. పనిలో ఎవరూ వంక పెట్టలేరు గానీ మీటింగుల్లో బల్ల వంక చూస్తూ కూర్చునేది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మాట్లాడకూడదని అత్త ఇంట్లో తొమ్మిదేళ్ళు నేర్చుకున్న మనిషి ఆమె. దాంతో కంపెనీవాళ్ళు ఎనిమిదిమంది సూపర్వైజర్లతో పాటు ఆమెనీ ఈ శనివారం క్లాసులకి పంపారు. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో హాలు, రకరకాల కంపెనీల నుంచి ముప్పైమంది, ఆరు శనివారాలు. కోచ్ పేరు ఫిలిప్పా.

మొదటి వారం ఫిలిప్పా నేల మీద తాడుని గుండ్రంగా గీతలా పరిచి, ఇది మీ కంఫర్ట్ జోన్, ఇందులో ఎవరూ ఎదగరు, బయటికి అడుగు పెట్టండి అంది. అందరూ నవ్వుతూ దాటారు. సియాలె మాత్రం అందరూ దాటేదాకా ఆగింది. కానీ దాటింది. ఆ సోమవారమే మీటింగులో, రాత్రి షిఫ్టులో మనుషులు చాలటం లేదని మేనేజరు ముఖం మీద చెప్పింది. వారం తిరక్కుండా ముగ్గుర్ని ఇచ్చారు. అది అబద్ధం కాదు. అందుకే ఆమె ఆ హాలుని నమ్మింది. నమ్మి, ప్రతి సాయంత్రం కలోని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇవాళ నువ్వు ఏ గీత దాటావో చెప్పు అని అడగటం కూడా మొదలుపెట్టింది. కలో తల దించుకుని గోళ్ళు చూసుకునేది.

మూడో వారం పని: ఇన్నేళ్ళూ చేయలేకపోయిన ఒక ఫోను, అందరి ముందూ చేయాలి.

అంతకు మూడు రోజుల ముందే ఫెలెటి అన్నం దగ్గర, పళ్ళెంలోకి చూస్తూ, మీ అత్త కలోని పంపమని అడుగుతోంది అని చెప్పాడు. చూపు మందగించిందట, ఇంట్లో ఒక్కతే ఉంటోంది, రెండేళ్ళు చాలట. తండ్రి అక్క మాటే వాళ్ళలో అందరికంటే పెద్ద మాట, మేనత్త అడిగాక కాదనే నోరు ఆ వంశంలో లేదు. ముప్పై నాలుగేళ్ళ కిందట అలా అడిగిందనే ఏడేళ్ళ సియాలెని విమానం ఎక్కించారు. పదహారేళ్ళు వచ్చేదాకా ఆమె అత్త ఇంట్లోనే పెరిగింది.

అందుకని తన వంతు వచ్చినప్పుడు సియాలె లేచి, ఫోను స్పీకర్లో పెట్టి, అత్తకి చెప్పేసింది. మీ ఇంట్లో తొమ్మిదేళ్ళూ ఏడుస్తూనే పడుకున్నాను. మీరు ఒక్కసారి కూడా తలుపు తీసి చూడలేదు. నా కూతుర్ని పంపను.

అవతల నుంచి ఒక్క మాట రాలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. ఈలోగా హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఆ చప్పట్లలోనే ఫోను కట్ అయింది.

*

కలో కప్పులు కడుగుతుంటే సియాలె తాళాలు అందుకుంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త ఉంది. నల్ల గౌను వేసుకుని, దాని మీద నడుముకి పెద్ద పనులకి కట్టుకునే అల్లిక చాప చుట్టుకుంది. జుట్టు నూనె పెట్టి దువ్వుకుంది. చర్చికి వెళ్ళే వేషం. శనివారం చర్చి లేదు.

"పద," అంది.

"ఎక్కడికి అత్తా?"

"చప్పట్లు కొట్టినవాళ్ళ దగ్గరికి."

సియాలె ఏవేవో చెప్పింది. అది కంపెనీవాళ్ళ క్లాసనీ, బయటివాళ్ళని రానివ్వరనీ, రోజంతా కూర్చోవాలనీ. అత్త అన్నీ విన్నది. విని, చెప్పులు వేసుకోవటానికి గోడ పట్టుకుని వంగింది. చెప్పు ఎక్కడుందో కనబడక కాలితో వెతుక్కుంటుంటే, కలో చేతులు తుడుచుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తొడిగింది. అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, కాసేపు తీయలేదు.

సియాలె ఆమెని కారు ముందు సీట్లో కూర్చోబెట్టింది. గరాజు ముందునుంచి వెళ్తుంటే ఫెలెటి తలుపు సందులోంచి చూశాడు. అక్క ఆ బట్టల్లో ఉండటం చూసి అతని ముఖం పాలిపోవటం సియాలె గమనించింది. అక్క కోసం బెంగ అనుకుంది.

*

ఫిలిప్పా అభ్యంతరం చెప్పలేదు. పైగా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఆరడుగుల మనిషి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చొక్కా చేతులు మడుచుకుని ఉంటుంది. మోసం చేసే రకం కాదు. ఎదుటివాళ్ళు ఏడిస్తే ఆమెకీ నిజంగానే కళ్ళలో నీళ్ళు వస్తాయి. ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ రాలేదంది. గుర్రపునాడాలా వేసిన కుర్చీల మధ్యలో, అందరికీ ఎదురుగా, రెండు కుర్చీలు వేయించింది.

సియాలె చెవిలో అత్త అంది, "నాకు ఇంగ్లీషు వచ్చు. కానీ ఈ మాటలు నా భాషలోనే చెప్పాలి. నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు వాళ్ళకి చెప్పు."

"అత్తా, వద్దు."

"అక్కర్లేని చోట నోరు తెరిచావు. ఇప్పుడు నాకు అక్కరొచ్చింది, తెరువు."

ముప్పైమంది చూస్తున్నారు. సియాలె కూర్చుంది.

"నేను సేనిని," అన్నది అత్త. సియాలె అదే ఇంగ్లీషులో అంది. తన నోటితో నేను సేనిని అనటం ఆమెకే వింతగా అనిపించింది. "పోయిన శనివారం ఆ ఫోనుకి అవతల ఉన్నది నేనే."

కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఆ వేళ మా ఇంట్లో చర్చి ఆడవాళ్ళు ఐదుగురు కూర్చుని చాప అల్లుతున్నాం. నాకు చూపు ఆనదు కాబట్టి, ఫోను అందరికీ వినబడేలా పెట్టి కింద పెట్టుకుంటాను. ఎవరు అని వాళ్ళడిగితే, నా మేనకోడలు, నేను పెంచిన పిల్ల, శనివారం పూట కూడా నన్ను మరిచిపోదు అని గొప్పగా చెప్పాను."

సియాలె అత్త వైపు తిరిగింది. ఇది ఆమెకి తెలియదు. ఇటు ముప్పైమంది విన్నారనే ఇన్నాళ్ళూ సిగ్గుపడుతోంది. అటు ఐదుగురు ఉన్నారు. ఊళ్ళో ఆ ఐదుగురంటే ఊరంతా. ఆగిపోతే అత్త మోచేత్తో పొడిచింది, సియాలె అది కూడా చెప్పింది.

"తను అన్నవన్నీ నిజం. ఈ పిల్ల ఏడ్చేది. మా ఇంటి గోడలు పల్చన. నాకు వినబడేది. లేచి వచ్చి తలుపు ఇవతల కూర్చునేదాన్ని. తీసి లోపలికి వెళ్తే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. నాకు పిల్లలు లేరు. పిల్లలు ఏడిస్తే ఏం చేయాలో నేర్పటానికి మాకు ఇలాంటి క్లాసులు కూడా లేవు. ఏడుపు ఆగాక వెళ్ళి పడుకునేదాన్ని."

వెనక వరసలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. సియాలె ఈ మాటలు ఎలా చెప్పిందో తర్వాత ఆమెకే గుర్తు లేదు. తలుపు ఇవతల. తను ఎన్నోసార్లు చూస్తూ పడుకున్న ఆ తలుపుకి అవతలి పక్క కూడా ఒకటి ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఇప్పుడు నాకు చెప్పండి," అన్నది అత్త. "చప్పట్లు కొట్టింది ఎవరు?"

ఆ ప్రశ్నని సియాలె ఇంగ్లీషులోకి మార్చి చెప్పి, నేల చూసింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడండి అని మూడు వారాలుగా నేర్చుకున్నవాళ్ళు చేతుల్లోని కాగితాలు చూసుకుంటున్నారు.

చివరికి కిటికీ పక్కనున్న ఒక పెద్దాయన, బీమా కంపెనీ మనిషి, చెయ్యెత్తాడు. "నేనండీ. మొదట కొట్టింది నేనే." ఆయన పక్కనున్న అమ్మాయి ఎత్తింది. తర్వాత ఒక్కొక్కరూ. ఆఖరున ఫిలిప్పా కూడా ఎత్తింది. ముఖం ఎర్రబడింది గానీ చెయ్యి దించలేదు.

అత్త కళ్ళు చికిలించి, ఒక పక్కనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ముఖమూ చూసింది. ఎంత ఆనిందో తెలియదు. తొందరపడలేదు. చూడటం అయ్యాక, "సరే, చూశాను," అంది.

తర్వాత సియాలె వైపు తిరిగింది. గొంతు తగ్గింది. ఇది హాలుకి చెప్పే గొంతు కాదు.

"నిన్ను పంపమని నేను అడగలేదు, సియాలే. ఎప్పుడూ అడగలేదు."

సియాలె తను సరిగ్గా వినలేదనుకుంది. అత్త మళ్ళీ అనలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఏమన్నారు?" అంది ఫిలిప్పా, మెల్లిగా.

హాలంతా ముందుకు వంగింది. సియాలె వాళ్ళని చూసింది. మంచివాళ్ళే. చెడు కోరేవాళ్ళు కాదు. ఇంకొక్క మాట కోసం, ఆకలేసినవాళ్ళు అన్నం వంక చూసినట్టు చూస్తున్నారు.

"ఇది చెప్పను," అంది.

"ఇక్కడ ఏదైనా చెప్పుకోవచ్చు సియాలే. మీకు తెలుసు కదా."

"తెలుసు. చెప్పకుండా ఉండటం కూడా నా ఇష్టమే కదా ఫిలిప్పా."

ఫిలిప్పా తల ఊపింది. పక్కకి జరిగి దారి ఇచ్చింది. సియాలె అత్త మోచెయ్యి పట్టుకుని లేపింది. ఆ గుర్రపునాడా మధ్యలోంచి తలుపుదాకా నడిచేంతసేపూ ఎవరూ కదల్లేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

*

కారు తాళం తిప్పలేదు సియాలె. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నెత్తి మీదుగా ఒక విమానం దిగింది, ఇంకొకటి దిగింది.

"అడగకపోతే నేనెలా వచ్చాను అత్తా?"

అత్త నడుముకి చుట్టిన చాప అంచు సర్దుకుంది. చెప్పకూడదనుకుందో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదో. చివరికి పొడిపొడిగా చెప్పింది. ఒక ఉత్తరం వచ్చింది. తమ్ముడి దస్తూరీ. పిల్లని వచ్చే వారం పంపిస్తున్నాను, నువ్వు అడిగావని ఇక్కడ అందరికీ చెప్పాను, నా మాట పోనివ్వకు. అంతే ఉంది అందులో. ఆమె గుర్రబ్బండి మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్ళింది. మెడలో పేరు కట్టిన అట్టముక్కతో ఒక పిల్ల దిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"తమ్ముడి మాట. నేను ఎలా పడనిస్తాను?"

"నేను నిన్ను..." సియాలె ఆగింది. మీరు అని పిలిచే మనిషిని నిన్ను అన్నందుకు కాదు. ముప్పై నాలుగేళ్ళుగా మోస్తున్న మాట అది, ఇప్పుడు దాన్ని దించటానికి ఎదురుగా ఉన్నది ఆ మనిషి కాదు. "నేను మిమ్మల్ని ద్వేషించాను అత్తా."

"తెలుసు. అది కూడా వినబడేది."

ఇంకో విమానం నెత్తి మీదుగా వెళ్ళింది.

"కలో సంగతి?" అంది సియాలె.

"ఆ పిల్లని నేను అడిగానని ఫోన్లో నీ నోటి నుంచే మొదటిసారి విన్నాను. అది అడగటానికే వచ్చాను. వచ్చాక మీ నాన్న గరాజులోకి దూరాడు. ఇంకేం అడగను? అర్థమైంది." అత్త సీటుబెల్టు కోసం తడుముకుంది. "ఇవాళ నోరు జారాను. ఇక నన్నేం అడగకు. వాణ్ణి అడుగు."

*

ఫెలెటి పెరట్లో చేమమడి తవ్వుతున్నాడు. తవ్వాల్సిన పని లేదు, నిన్ననే తవ్వాడు. వంటింటి కిటికీ తెరిచి ఉంది, లోపల కుళాయి కింద గిన్నెల చప్పుడు అవుతోంది.

అంత తొందరగా కూతురు తిరిగి రావటం చూసి అతను గునపం నేలలో గుచ్చి, దాని మీద చేతులు ఆనించాడు. సియాలె ఏం అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. ఫిలిప్పా నేర్పిన మాటలున్నాయి, ఎదుటివాళ్ళని తప్పు పట్టకుండా మన మనసులోది ఎలా చెప్పాలో. అవి ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"నన్ను పంపమని అత్త అడిగిందా నాన్నా?"

అతను కిందికి వంగాడు. మట్టిబెడ్డ ఒకటి తీసి చేత్తో నలిపాడు.

"అడిగిందా, లేదా?"

"మీ అమ్మ పంపించెయ్యమంది," అన్నాడు, మట్టిలోకి చూస్తూ. "నీకు చెప్పొద్దంది. అందుకే చెప్పలేదు."

తల్లి లెసియేలి పోయి నాలుగేళ్ళయింది. ముందుగదిలో ఆమె ఫొటోకి వారం వారం కొత్త పువ్వులు పెట్టేది ఫెలెటే. సియాలె తండ్రి ముఖం వంక చూసింది. అది నిజమో, కొత్తగా ఇంకొకరి నెత్తిన పెడుతున్నాడో ఆమెకి తెలియలేదు. నలభై ఒక్కేళ్ళుగా ఎరిగిన ముఖమే. అయినా తెలియలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"లెసియేలి మీద పెట్టకు, ఫెలెటీ."

వెనక మెట్ల మీద అత్త నిలబడి ఉంది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునే చోటికి, తమ్ముడు పని చేసుకునే చోటికి ఆమె రాకూడదు. వచ్చింది. ఫెలెటి తల ఎత్తలేదు.

"నా మీద పెట్టావు, మోశాను," అన్నది అత్త. "బతికున్నాను కాబట్టి మోశాను. ఆమె లేచి వచ్చి చెప్పుకోలేదు."

ఫెలెటి గునపం పక్కన పెట్టి, మడిగట్టు మీద కూలబడ్డాడు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, అలా మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే చిన్నగా కనిపించాడు. అప్పుడు మాట్లాడాడు, అక్కతో కాదు, కూతురితో.

"నేనే పంపాను."

సియాలె అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"కడుపులో బిడ్డ పోయాక మీ అమ్మ మంచం దిగలేదు. నాకు రెండు ఉద్యోగాలు. నేను ఇంటికి వచ్చేసరికి నువ్వు గుమ్మంలో కూర్చుని ఉండేదానివి, తిన్నావో లేదో ఎవరికీ తెలియదు. నాకు చేతకాలేదమ్మా. చేతకావటం లేదని ఎవరికైనా చెప్పటం కూడా చేతకాలేదు. మా అక్క అడిగిందంటే ఎందుకని ఎవరూ అడగరు."

ఏడవాలనిపించలేదు సియాలెకి. కోపం కూడా ఎక్కడో దూరంగా ఉంది. కానీ అది దగ్గరికి వస్తోందని తెలుస్తోంది.

"సరే. అప్పుడు నీకు చేతకాలేదు. మరి కలో? కలోని చూసుకోవటానికి నేనున్నాను, సెమీసి ఉన్నాడు. దాని విషయంలో నీకు ఏం చేతకాక అత్త పేరు చెప్పావు?"

ఫెలెటి తల అడ్డంగా ఊపాడు. "అది వేరు."

"ఏం వేరు?"

"మాటిచ్చాను."

"ఎవరికి?"

అతను మొదటిసారి తలెత్తాడు. కూతురి ముఖంలోకి కాదు, ఆమె భుజం మీదుగా, వంటింటి కిటికీ వైపు.

"ఈసారి అడిగింది అక్క కాదు. నేనూ కాదు," అన్నాడు. "తాతా నన్ను టోంగా పంపించెయ్యి, అమ్మకి మాత్రం నేను అడిగానని చెప్పకు అంది."

సియాలె వెనక్కి తిరిగింది. కిటికీలో కలో నిలబడి ఉంది, చేతిలో పళ్ళెం, పళ్ళెం మీదుగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎప్పుడూ తల్లి చూడగానే తల దించుకునే పిల్ల, ఈసారి దించుకోలేదు.

సియాలె మెట్ల వైపు నడిచింది. అత్త దారికి అడ్డంగానే ఉంది. పక్కకి జరగలేదు.

"ఆగు. దాన్ని అడగటానికి వెళ్తున్నావా, దానికి చెప్పటానికి వెళ్తున్నావా?"

సియాలె మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది.